ఇంటిలో పియానో ధ్వనిలేఖనము

సంగీతము గాలిలో పుట్టి గాలిలోనే అణగిపోవును. చిత్రకారుని పటము గోడపై నిలుచును. శిల్పి చెక్కిన ప్రతిమ తరతరములు నిలుచును. గాయకుని పాటకును, వాద్యకారుని వాద్యమునకును అట్టి నిలుకడ స్వతస్సిద్ధముగా లేదు. స్వరలిపిలో వ్రాసి యుంచినచో పాట యొక్క రూపము మిగులునే గాని, దానిని వాయించినవారి చేతి స్పర్శ మిగులదు. ఈ కొఱతను తీర్చుటకే ధ్వనిలేఖన విద్య పుట్టినది.

పియానో విషయమున ఈ విద్య ఒక యింటిలో పరీక్షకు వచ్చిన సందర్భ మొకటి ప్రసిద్ధము. 1889వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన వియన్నా నగరమున ఫెల్లింగర్ అను గృహస్థుని యింట యోహాన్నెస్ బ్రామ్స్ అను మహాస్వరకర్త పియానో వాయించెను. ఎడిసన్ మహాశయుని ప్రతినిధి యగు థియో వాంగెమన్ అచ్చటికి తెచ్చిన ఫోనోగ్రాఫు ఆ ధ్వనిని మైనపు గొట్టముపై గ్రహించెను. హంగేరియన్ నృత్యములలో మొదటిదాని భాగ మొకటి అందు కలదు. నేడు దానిని వినువారికి గరగరధ్వని యెక్కువగాను, పియానో తక్కువగాను వినబడును. అయినను సంగీతపండితులు దానిని ఎంతయో ఓపికతో పరిశీలించిరి. ఏలయన, ఆయన వాద్యమును వినుటకు లోకమున మిగిలిన ఆధార మదియొక్కటే.

ఆనాడు ఆ యంత్రము చేయజాలని పనిని నేడు ఒక మేజాపై ఇమిడెడు సామగ్రి సులభముగా చేయగలదు. రెండు మైక్రోఫోనులు, వానిని నిలుపుటకు రెండు స్టాండులు, వానిని కంప్యూటరునకు కలుపు ఇంటర్‌ఫేసు అను చిన్న పెట్టె, ఒక జత హెడ్‌ఫోనులు – ఇంతమాత్రమే కావలసినది. అయినను ఇండ్లలో తీసిన పియానో ధ్వనిలేఖనములు పెక్కులు వినుటకు ఇంపుగా నుండవు. కొన్ని నూతిలోనుండి వచ్చినట్లుండును. కొన్ని రేకు డబ్బాను కొట్టినట్లుండును. సామగ్రి చౌకదగుట ఇందులకు ముఖ్యకారణము కాదు. వాద్యము యొక్కయు, గది యొక్కయు స్వభావమును ఎఱుగకయే యంత్రమును ముందుంచుకొనుటయే కారణము. వాద్యము మొదట, గది తరువాత, మైక్రోఫోను ఆపైన, కంప్యూటరు కడపట – ఈ వరుసను పాటించినవారికి స్వల్పసామగ్రియే చాలును. ఆ వరుసనే ఈ వ్యాసమున వివరించెదము.

వాద్యస్వభావము

పియానోను 1700వ సంవత్సర ప్రాంతమున ఇటలీ దేశపు ఫ్లారెన్సు నగరమున బార్తలోమియో క్రిస్తోఫోరి అను వాద్యశిల్పి కల్పించెను. నేటి పియానోకు 88 మెట్లును, సుమారు 230 తీగెలును ఉండును. ఆ తీగెల బిగువునంతయు కూడినచో 15 మొదలు 20 టన్నుల వఱకు ఉండును. మెట్టును నొక్కగానే దట్టమైన ఉన్నిపొర చుట్టిన చిన్న సుత్తి తీగెను కొట్టి, వెంటనే వెనుకకు మఱలును. అయితే మనకు వినబడునది కేవలము తీగె ధ్వని కాదు. సన్నని తీగె తనంతట తాను గాలిని అంతగా కదల్పలేదు. తీగెలో పుట్టిన కంపనము వంతెన యను కొయ్యకమ్మి ద్వారమున వెడల్పైన పలుచని ధ్వనిఫలకమునకు చేరును. ఆ ఫలకము కంపించి గాలిని కదల్చును. అదియే మనము వినెడి పియానో.

ఇందుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది: మనుష్యుని కంఠధ్వని దాదాపు ఒక్కచోటనుండి వచ్చును, పియానో ధ్వని యట్లు కాదు. అది నాలుగైదు అడుగుల వెడల్పుగల పలకనుండియు, సుత్తులనుండియు, మూతనుండియు, క్రింది నేలనుండియు కలిసి వచ్చును. కావున ఏదో యొకచోట మైక్రోఫోను నుంచినంతమాత్రమున వాద్యమంతయు దొరకదు. రెండవది: దాని శ్రుతివిస్తారము మిక్కిలి పెద్దది. అన్నిటికంటె క్రింది మెట్టు సెకనునకు 27.5 కంపనములను, పై మెట్టు సుమారు 4,186 కంపనములను పుట్టించును. వాని యుపస్వరములు 10,000 దాటియు పోవును. మూడవది: మృదువుగా తాకిన స్వరమునకును, బలముగా కొట్టిన స్వరమునకును నడుమగల భేదము చాల ఎక్కువ. వెడల్పు, విస్తారము, హెచ్చుతగ్గులు – ఈ మూటికి తగిన యేర్పాటు చేయుటయే పియానో ధ్వనిలేఖనములోని చిక్కంతయు.

వాద్యమును సిద్ధపఱచుట

శ్రుతి తప్పిన వాద్యమును ఏ యంత్రమును సరిచేయజాలదు. పియానోలోని మధ్యస్వరములకును, పైస్వరములకును మెట్టొక్కింటికి మూడేసి తీగె లుండును. ఆ మూడును సమముగా నున్నప్పుడు స్వరము నిర్మలముగా నుండును. ఒక తీగె 440 కంపనములతోను, దాని ప్రక్కది 441 కంపనములతోను మ్రోగినచో, సెకనున కొకమాఱు ధ్వని ఉబ్బి తగ్గును. గదిలో వినునపుడు చెవి దీనిని క్షమించును గాని, ధ్వనిలేఖనమును పదిమాఱులు వినునపుడు ఆ దోషము ముల్లువలె గ్రుచ్చుకొనును.

కొయ్య తేమను పీల్చి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. అందుచేత ధ్వనిఫలకము కదలి శ్రుతి మాఱును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి తీరపట్టణములలో వానకాలమున పియానో శ్రుతి తప్పుటకు ముఖ్యకారణ మిదియే. కావున శ్రుతిచేయువానిని ధ్వనిలేఖనమునకు ఒకటి రెండు దినములు మాత్రమే ముందుగా పిలిపింపవలెను. శ్రుతి చేసిన పిదప వాద్యమును మఱియొక గదికి మార్చరాదు. చోటు మార్చవలసియున్నచో ముందుగానే మార్చి, కొన్ని దినము లాగి శ్రుతి చేయింపవలెను.

పిమ్మట 88 మెట్లను ఒక్కొక్కటిగా మెల్లగా నొక్కి వినవలెను. ఏ మెట్టు టకటకలాడుచున్నదో, ఏ పెడలు కిఱ్ఱుమనుచున్నదో, కూర్చున్న బల్ల కదలినపుడు చప్పుడగుచున్నదో గమనింపవలెను. పియానోపై నుంచిన పటములు, పూలకుండీలు, గాజుసామానులు కొన్ని స్వరములకు గజగజలాడును, వానినెల్ల తీసివేయవలెను.

వాద్యము గొప్పది కాదని నిరాశపడ నక్కఱలేదు. 1975వ సంవత్సరము జనవరి 24వ తేదీన జర్మనీలోని కొలోన్ నగరపు సంగీతనాటకశాలలో కీత్ జారెట్ అను అమెరికను విద్వాంసునికి దొరకిన పియానో చిన్నది. దాని పైస్వరములు పలుచనివి, క్రిందిస్వరములు బలహీనములు. ఆయన దాని గుణదోషముల నెఱిగి, బాగుగా పలుకు నడిమి మెట్లనే యెక్కువగా ఆశ్రయించి వాయించెను. ఆ ధ్వనిలేఖనము లోకప్రసిద్ధి గాంచినది. మన యింటి పియానోలో ఏ భాగము ఇంపుగా పలుకునో తెలిసికొని, దానికి తగిన కృతులను ఎన్నుకొనుట ఇందుండి మనము నేర్వదగిన పాఠము.

గది

పియానో ఎట్లు వాద్యమో గదియు అట్లే యొక వాద్యము. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. ఎదురెదురుగా నున్న రెండు గోడల నడుమ దూరము 3.43 మీటర్లనుకొందము. అప్పుడు 50 కంపనముల ధ్వని యొక్క సగము తరంగము ఆ దూరమునకు సరిగా సరిపోవును. ఆ స్వరమును వాయించినపుడు గదియు దానితో చేరి హుంకరించును; ప్రక్క స్వరము సాధారణముగా నుండును. చిన్నగదులలో కొన్ని క్రిందిస్వరములు గర్జించుటకును, కొన్ని మాయమగుటకును కారణ మిది. గది మూలలయందు ఈ దోషము అధికము. అందుచేత పియానోను గాని, మైక్రోఫోనును గాని మూలలో నుంచరాదు.

గది నడుమ నిలిచి యొకమాఱు గట్టిగా చప్పట్లు కొట్టి వినవలెను. వెనువెంటనే జల్లుమను ప్రతిధ్వని వచ్చినచో, బోడిగోడలు ఒకదానికొకటి ధ్వనిని విసరుకొనుచున్నవని యర్థము. నేలపై జంపఖానా పఱచుట, కిటికీలకు దళసరి తెఱలు కట్టుట, పుస్తకములు నింపిన బీరువాను ఒక గోడ కానించుట, పరుపును నిలువుగా నుంచుట – వీనివలన మేలు కలుగును. గ్రుడ్ల అట్టలను గోడకు అంటించుట పెక్కుచోట్ల వాడుకలో నున్నది గాని, దానివలన ప్రయోజనము మిక్కిలి స్వల్పము. పలుచని వస్తువు పైస్వరములనే కొంత పీల్చును. క్రిందిస్వరములను ఆపుటకు మందము కావలెను. మఱియు గదినంతయు దుప్పట్లతో కప్పివేసినచో పియానో ఊపిరాడనట్లు ధ్వనించును. ప్రతిధ్వని కొంత యుండుటయే వాద్యమునకు అందము.

చప్పుళ్లు

మన చెవి అలవాటుపడిన శబ్దములను లెక్కింపదు. మైక్రోఫోను అన్నిటిని సమానముగా లెక్కించును. కాబట్టి వాయించుటకు ముందు అయిదు నిమిషములు కన్నులు మూసికొని గదిలో కూర్చుండి, వినబడు చప్పుళ్లనెల్ల కాగితముపై వ్రాసికొనవలెను. పైకప్పున తిరుగు ఫ్యాను, ప్రక్కగదిలోని రిఫ్రిజిరేటరు, వంటింటి కుక్కరు కూత, వీధిలో ఆటోలు, ఉదయమున కాకులు – ఇవన్నియు ఆ జాబితాలోనికి వచ్చును. ఆపదగినవాని నాపి, ఆపరానివి తక్కువగా నుండు వేళను ఎన్నుకొనవలెను. మన పట్టణములలో రాత్రి పది గంటలు దాటిన పిదపను, తెల్లవారుజాముననే మొదటి గంటయు ఇందుకు అనుకూలములు. అయితే ఇరుగుపొరుగువారి నిద్రను సైతము తలపవలెను.

మన దేశమున విద్యుత్ప్రవాహము సెకనునకు 50 మాఱులు ఊగును. తీగెలలో దోషమున్నచో ఆ 50 కంపనముల హోరు ధ్వనిలేఖనమున చేరును. మైక్రోఫోను తీగెలను కరెంటు తీగెలకు దూరముగా నుంచుట, ల్యాప్‌టాపును చార్జరునుండి విడదీసి బ్యాటరీపై నడపుట – ఈ రెండు ఉపాయములతో తఱచుగా హోరు తగ్గును.

వాద్యకారుని చప్పుడు వేఱు సంగతి. కెనడా దేశపు గ్లెన్ గూల్డ్ వాయించుచు లోలోన కూనిరాగము తీయుట ఆయన ధ్వనిలేఖనములలో స్పష్టముగా వినబడును. శ్రోతలు దానిని ఆయన గుఱుతుగా స్వీకరించిరి. ఊపిరియు, వ్రేళ్ల తాకిడియు జీవలక్షణములు. ఉంగరములు, గాజులు, గడియారము మాత్రము తీసి ప్రక్కన నుంచుట మంచిది.

మైక్రోఫోనులు

మైక్రోఫోనులలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. డైనమిక్ అనునది అయస్కాంతము నడుమ తీగెచుట్ట కదలుటచే పనిచేయును. అది దృఢమైనది, సభలలో మాటలాడుటకు తగినది. కండెన్సరు అనునది మిక్కిలి పలుచని పొర యొక్క కదలికచే పనిచేయును. 1916లో అమెరికాలో ఇ. సి. వెంటె దీనిని కల్పించెను. పియానో వంటి సూక్ష్మధ్వనులకు కండెన్సరే తగినది. దానికి ఇంటర్‌ఫేసునుండి 48 వోల్టుల విద్యుత్తు అందవలెను. అందులకై ఇంటర్‌ఫేసుపై ప్రత్యేకమైన మీట యుండును.

మైక్రోఫోను వినెడి దిక్కును బట్టి మఱియొక భేదము కలదు. కార్డియాయిడ్ అనునది ముందువైపు ధ్వనిని ఎక్కువగా, వెనుకవైపు ధ్వనిని తక్కువగా గ్రహించును. ఓమ్ని అనునది అన్ని దిక్కులను సమముగా వినును. గది బాగుగా నున్నచో ఓమ్ని సహజముగా ధ్వనించును. క్రిందిస్వరములను నిండుగా చూపును. గది బాగుగా లేనిచో కార్డియాయిడ్ మేలు. అయితే కార్డియాయిడ్‌ను వాద్యమునకు మిక్కిలి దగ్గఱగా నుంచినచో క్రిందిస్వరములు ఉన్నవానికంటె లావుగా వినబడునని మఱవరాదు.

ఎచ్చట నుంచవలెను?

ఇదియే యీ విద్యలోని ప్రధానప్రశ్న. దీనికి చెవియే ఉత్తరము చెప్పవలెను. ఒకరు వాయించుచుండగా మఱియొకరు ఒక చెవిని వ్రేలితో మూసికొని, రెండవ చెవితో వినుచు వాద్యము చుట్టును నెమ్మదిగా తిరుగవలెను. ఒక చెవితో వినుటయనగా మైక్రోఫోను వినినట్లు వినుటయే. ఎచ్చట క్రిందిస్వరములును, పైస్వరములును సరితూగి యింపుగా వినబడునో అచ్చటనే మైక్రోఫోను నిలుపవలెను.

మన యిండ్లలో నుండునవి ఎక్కువగా నిలువు పియానోలు. వీని ధ్వనిఫలకము వెనుకవైపున ఉండును. మనమేమో వెనుకభాగమును గోడకు ఆనించి యుంచుదుము. మొదట దానిని గోడనుండి రెండడుగులైన ముందుకు జరిపి, కొంచెము ఏటవాలుగా నుంచవలెను. ఈ యొక్క మార్పుతోనే ధ్వని విప్పారుట తెలియును. పిమ్మట ఈ మూడు స్థలములను పరీక్షింపవచ్చును. ఒకటి: పైమూతను తెఱచి, దానికి ఒక అడుగు ఎత్తున రెండు మైక్రోఫోనులను రెండడుగుల యెడముగా నిలిపి, ఒకదానిని క్రిందిస్వరముల వైపునకు, రెండవదానిని పైస్వరముల వైపునకు వంచుట. ఇందు స్పష్టత యెక్కువ. సుత్తుల చప్పుడును కొంత వినబడును. రెండు: వెనుక ధ్వనిఫలకమునకు ఒక అడుగు దూరమున నుంచుట. ఇందు సుత్తుల చప్పుడు తగ్గి, ధ్వని గుండ్రముగా, కొంచెము మసకగా నుండును. మూడు: ముందు పలకను తీసివేసి, వాద్యకారుని భుజములకు వెనుక తలకంటె కొంచెము ఎత్తున నుంచుట. వాద్యకారునికి వినబడినట్లే శ్రోతకును వినబడుట ఇందలి గుణము.

గ్రాండు పియానో యున్నచో, మూతను పొడవైన కఱ్ఱపై నిలిపి, ప్రక్కనుండు వంపున కెదురుగా నాలుగు మొదలు ఆఱడుగుల దూరమున మైక్రోఫోనులను నిలుపుట ప్రసిద్ధమైన పద్ధతి. గది ప్రతిధ్వని యెక్కువైనచో దగ్గఱకు జరుపవలెను. ధ్వని కఱకుగా నున్నచో దూరము చేయవలెను.

ఈ పద్ధతులు శాసనములు కావు. జర్మను విద్వాంసుడు నిల్స్ ఫ్రామ్ రాత్రివేళ పొరుగువారికి ఇబ్బంది కలుగకుండుటకై తీగెలకును సుత్తులకును నడుమ ఉన్నిగుడ్డ నుంచి, మైక్రోఫోనులను పియానో లోపలికే చొప్పించి వాయించెను. సుత్తుల కదలికయు, మెట్ల సవ్వడియు మృదుస్వరములతో కలిసి నూతనసౌందర్యమును పుట్టించినవి. 2011లో వెలువడిన ఆయన సంపుటమునకు ‘ఫెల్ట్’ అని ఆ యున్నిగుడ్డ పేరే పెట్టబడినది. ఇబ్బందిని గుణముగా మార్చుకొనుట కిది మంచి నిదర్శనము.

రెండు మైక్రోఫోనుల పొత్తు

రెండు చెవులవలె రెండు మైక్రోఫోనులతో వినిపించు పద్ధతికి ఇంగ్లాండున అలాన్ బ్లమ్లైన్ 1931లో పేటెంటునకు దరఖాస్తు చేసెను. రెండున్నచో వాద్యము యొక్క వెడల్పు తెలియును. అయితే ఒక చిక్కు పుట్టును. ఒక స్వరము మొదటి మైక్రోఫోనుకంటె రెండవదానిని చేరుటకు 34 సెంటిమీటర్లు అధికముగా పోవలసియున్నచో, సెకనులో వేయవవంతు ఆలస్యమగును. ఆ రెంటిని ఒకటిగా కలిపి వినినపుడు 500, 1,500, 2,500 కంపనముల ప్రాంతమున ఒకదాని ఉబ్బు మఱియొకదాని పల్లముతో కలిసి ధ్వని క్షీణించును. పియానో బోలుగా, దూరముగా వినబడును. సెల్‌ఫోనులోని ఒక్క స్పీకరుతో వినువారికి ఇది స్పష్టముగా తెలియును.

దీనికి పరీక్ష సులభము. రెండు నిమిషములు వాయించి, కంప్యూటరులో రెండు భాగములను కలిపి ఒకే స్పీకరుతో వినవలెను. ధ్వని బలహీనమైనచో ఒక మైక్రోఫోనును రెండు మూడు అంగుళములు జరిపి మఱల పరీక్షింపవలెను. ఈ చిక్కు అసలే వలదనువారు రెండు మైక్రోఫోనుల తలలను ఒకేచోట చేర్చి, వానిని 90 డిగ్రీల కోణమున నుంచవచ్చును. ఫ్రాన్సు దేశపు రేడియో సంస్థ పేర ఓ.ఆర్.టి.ఎఫ్. అని ప్రసిద్ధమైన మధ్యమార్గము మఱియొకటి కలదు: తలల నడుమ 17 సెంటిమీటర్ల యెడము, నడుమ 110 డిగ్రీల కోణము. ఇది చెవుల యెడమునకు సమీపమైనందున సహజముగా తోచును.

కొలతలు

కంప్యూటరులో ధ్వని యొక్క గరిష్ఠమితి సున్న. దానిని దాటిన ధ్వని కత్తిరింపబడి పగిలినట్లు వినబడును. అట్లు పగిలినదానిని పూర్వస్థితికి తెచ్చుట సాధ్యము కాదు. అందుచేత వాద్యకారుని కృతిలోని మిక్కిలి బలమైన భాగమును మొదట వాయింపుమని కోరి, అప్పుడు సూచిక సున్నకు దిగువ 10 లేక 12 డెసిబెళ్లకు మించకుండ ఇంటర్‌ఫేసు మీటను సరిచేయవలెను. నిజముగా వాయించునపుడు ఉత్సాహముచే పరీక్షలోకంటె గట్టిగా వాయించుట సహజము. ఆ వెలితి అందులకే.

లేఖనమును 24 బిట్ల సూక్ష్మతతోను, సెకనునకు 48,000 నమూనాలతోను చేయుట చాలును. రెండు మైక్రోఫోనులకు నిమిషమునకు సుమారు 17 మెగాబైట్ల స్థలము పట్టును. అరగంటకు సుమారు 520. దీనిని వేవ్ ఫైలుగానే దాచవలెను. ఎం.పి.3 అనునది స్థలము తగ్గించుటకై ధ్వనిలో కొంత విడిచివేయును; అది పంచిపెట్టుటకు తగునే గాని దాచుటకు తగదు.

మైక్రోఫోనులు కొనజాలనివారు సెల్‌ఫోనుతోనే ప్రయత్నింపవచ్చును. దానిని పియానోపై నుంచక, నాలుగైదు అడుగుల దూరమున మెత్తని గుడ్డపై నుంచి, కాల్‌లు రాకుండ ఎయిర్‌ప్లేన్ మోడులో పెట్టవలెను. ధ్వనిని తనంతట తాను హెచ్చించి తగ్గించు ఏర్పాటును నిలిపివేయు అవకాశమున్న రికార్డింగు యాప్‌ను ఎన్నుకొనవలెను. లేనిచో మెల్లని స్వరములు పెద్దవై, పెద్దవి చిన్నవై వాద్యకారుని భావము చెడును.

వాయించు వేళ

అన్నియు సిద్ధమైన పిదప వాద్యకారుని తొందరపెట్టరాదు. మొదట అరనిమిషము గది నిశ్శబ్దమును లేఖించుకొనవలెను; తరువాత కూర్పున ఎచ్చటనైన ఖాళీ నింపుటకు అది యుపయోగించును. పిదప కృతిని ఆమూలాగ్రముగా మూడుమాఱులు వాయింపించుట మేలు. మొదటిది భయముతోను, మూడవది అలసటతోను ఉండుట కలదు. రెండవది తఱచుగా ఉత్తమమగును. ఒక తప్పు దొరలగానే ఆపుట మంచిది కాదు. పూర్తిగా వాయించిన పిదప ఆ భాగమును మఱల వాయించి చేర్చవచ్చును.

కంప్యూటరులో చేయదగిన దిద్దుబాటు స్వల్పముగా నుండవలెను. క్రింది హోరును తగ్గించుట, గదివలన ఉబ్బిన ఒకటి రెండు స్వరములను అణచుట, గది మిక్కిలి పొడిగా నున్నచో రవ్వంత ప్రతిధ్వనిని చేర్చుట – ఇంతవఱకు న్యాయమే. ఉప్పువలె కొంచెమే రుచి. మైక్రోఫోను స్థలము తప్పైనచో గంటలకొలది దిద్దుటకంటె, లేచి దానిని జరిపి మఱల వాయించుట శీఘ్రమైన మార్గము.

వృద్ధులు వాయించునపుడు మఱికొన్ని సంగతులు గమనింపవలెను. ముందుగా వారి అనుమతి పొందవలెను. వ్రేళ్లు తడబడినను సవరింపబూనరాదు. కృతికిని కృతికిని నడుమ వారు చెప్పెడి మాటలను – ఎవరియొద్ద నేర్చితిరో, ఏ సందర్భమున వాయించితిరో – యంత్రమును ఆపక లేఖింపవలెను. ప్రతి లేఖనమునకు మొదట పేరు, తేదీ, స్థలము, కృతి పేరు, వాద్యము చేసిన కంపెనీ పేరు పలికి చేర్చవలెను. పేరులేని ధ్వనిలేఖనము ముప్పది యేండ్లకు అనాథ యగును. ప్రతులు మూడుంచి, ఒకదానిని వేఱొక యింట దాచవలెను.

విద్యార్థులారా! మన బంధువుల యిండ్లలోను, పాఠశాలలలోను, మందిరములలోను పాత పియానోలు పెక్కులున్నవి. కొన్నింటి తీగెలు తుప్పుపట్టుచున్నవి. కొన్నింటి కొయ్య చెదపాలగుచున్నది. వానిని నలువదేండ్లుగా వాయించిన హస్తములు కొన్ని ఇంకను మన నడుమ నున్నవి. ఆ చేతులు ఆగిన పిదప ఎంత వెలగల మైక్రోఫోనును ప్రయోజనపడదు. మీరు స్వయముగా పియానో నేర్చుకొనువారైనచో మీ వాద్యమునే నెలకొకమాఱు లేఖించి వినుడు; ఉపాధ్యాయుడు చెప్పని దోషములను అది చెప్పును. నేర్చుకొనని వారైనచో మీ యెఱుకలో వాయించు పెద్దలెవరో కనుగొని, ఈ సెలవులలోనే ఒక సాయంకాలము వారి యింటికి పొండు. ఫ్యానును ఆపి, పియానోను గోడనుండి రెండడుగులు జరిపి, ఒక చెవి మూసికొని వినుట మొదలిడుడు. తక్కిన పని క్రమముగా మీకే తెలియును.